నల్ల బోర్డరు లేని నాలుగు పేజీలు

మా తమ్ముడు దేవదానం బతికే ఉన్నాడు. ఈ మాట ముందే చెప్పాలి. మా ఇంటి నుంచి ఒక మనిషి గురించి నాలుగు పేజీలు వచ్చాయంటే చాలు, తెనాలిలో సగం మంది ఆదరణ కూడిక ఎప్పుడని అడుగుతారు. కూడికా లేదు, ఏమీ లేదు. వాడు ఇందాకే ఉప్మాలో ఉప్పు తగ్గిందని నాతో పోట్లాడి, వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. వాడికి డెబ్బై నాలుగు. నాకు డెబ్బై తొమ్మిది.

నేను కొలకలూరు మిషను బళ్ళో నాలుగో తరగతి దాకా చదివాను. ఆ చదువుకి ఇంత రాయడం ఎందుకని మా చర్చిలో ఒకరిద్దరు అనుకుంటారు. అనుకోనివ్వండి. తప్పులు దొరికితే మీ దగ్గరే ఉంచుకోండి, నాకు తిరిగి ఇవ్వక్కర్లేదు. ఊళ్ళో అందరి గురించీ వాడు రాశాడు. వాడి గురించి రాసేవాళ్ళు లేరు. పోయాక రాస్తే వాడు చదవలేడు గదా. అందుకని ఇప్పుడే రాస్తున్నాను.

మాలో మనిషి పోతే, ఆదరణ కూడికలో పాటలు పాడి వాక్యం చెప్పాక, పోయినవాళ్ళ జీవిత చరిత్ర చదువుతారు. పుట్టిన ఊరు, బాప్తిస్మం, చదువు, పెళ్ళి, పిల్లలు, ఆఖరి జబ్బు, ఆఖరి మాట. దాన్ని నాలుగు పేజీల కాగితంగా అచ్చువేయించి వచ్చినవాళ్ళకి పంచుతారు. పైన కోడిగుడ్డు ఆకారంలో ఫొటో, చుట్టూ నల్ల బోర్డరు. తెనాలి చుట్టుపక్కల నలభై ఏడేళ్ళుగా ఆ నాలుగు పేజీలు రాస్తున్నది మా దేవదానం. మిషను హైస్కూల్లో గుమాస్తాగా ఉన్నప్పుడు మా నాన్న పోతే రాయడం మొదలుపెట్టాడు. పాదిరిగారు చదువుతుంటే అందరూ ఏడ్చారు. ఇక చూడండి, ఎవరింట్లో శవం లేచినా మూడో రోజుకల్లా మా గుమ్మం ముందు మనిషి.

వాడి దగ్గర ఒక పొడుగు నోటుబుక్కు ఉంది. అందులో ముప్పై ఒక్క ప్రశ్నలు. పోయినవాళ్ళ ఇంటికి వెళ్ళి, చాప మీద కూర్చుని, ఒక్కొక్కటీ నెమ్మదిగా అడుగుతాడు. గొంతు పెంచడు. ఇస్త్రీ చొక్కా నలగనివ్వడు. పందొమ్మిదో ప్రశ్న, 'జబ్బులో ఎప్పుడైనా విసుక్కున్నారా?' దానికి ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా అవునని చెప్పలేదు. వాడి భార్య హెప్సిబా పోయినప్పుడు ఆ నాలుగు పేజీలూ వాడే రాసుకున్నాడు. పందొమ్మిదో దానికి 'విసుక్కోలేదు' అని రాశాడు. ఆ ఏడు నెలలూ మంచం పక్కన ఉన్నది నేను. విసుక్కుంది. విసుక్కోక ఏం చేస్తుంది?

అదీ నాకు వాడితో ఉన్న తగాదా. తాగుబోతు పోతే 'స్నేహశీలి' అంటాడు. పిసినారి పోతే 'పొదుపరి' అంటాడు. వాడి కాగితాలన్నీ కుప్పపోసి చదివితే మా జిల్లాలో ఒక్క చెడ్డవాడు కూడా చచ్చిపోలేదని తేలుతుంది.

ఆరేళ్ళ క్రితం కాకుమానులో ఒకాయన పోయాడు. చేతికి ఏది దొరికితే అది పెళ్ళాం మీదికి విసిరే మనిషని ఆ ఊరంతటికీ తెలుసు. మా వాడు 'కుటుంబాన్ని క్రమశిక్షణతో నడిపించిన యజమాని' అని రాశాడు. కూడిక అయ్యాక ఆయన భార్య సారా ఆ కాగితం పట్టుకుని మా దగ్గరికి వచ్చింది. కనుబొమ్మ మీద పాత కుట్ల మచ్చ.

"అన్నయ్యా, ఇందులో మీరు రాసినాయన ఎవరో గానీ చాలా మంచాయన. నన్ను ఆయనకి ఇచ్చి చేసుంటే బాగుండేదండి" అంది.

వెటకారం కాదు. అలసిపోయి అంది. కాగితం మడిచి వాడి చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

తిరిగి తెనాలి బస్సెక్కాం. పొన్నూరు దాటాక మా వాడు అన్నాడు. "అక్కా, బతికున్నవాళ్ళ గురించి రాస్తాను. తప్పు రాస్తే తిట్టడానికి వాళ్ళుంటారు."

"బతికున్నవాళ్ళు నీకెందుకు చెబుతార్రా?"

"రచయితలైతే చెబుతారు. మాట్లాడటం వాళ్ళ పని గదా."

నలభై ఏళ్ళు లైబ్రరీ పుస్తకాలు చదివినవాడికి కూడా ఇంత అమాయకత్వం ఉంటుందని నాకప్పుడే తెలిసింది.

వాడి ఆలోచన ఇది. కృష్ణకు దక్షిణాన ఉన్న మన మూడు ఊళ్ళు, తెనాలి, బాపట్ల, రేపల్లె. ఇక్కడ నవలలూ కవితలూ రాసేవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, ఎలా రాస్తారో, ఎందుకు రాస్తారో అడిగి ఒక పుస్తకం వెయ్యాలి. పన్నెండు మంది.

"పన్నెండే ఎందుకురా?" అన్నాను.

"అపొస్తలులు పన్నెండు మంది గదక్కా."

"వాళ్ళలో ఒకడు ప్రభువుని పట్టించిన యూదా, మర్చిపోకు."

మూడేళ్ళు తిరిగాం. ఒక్కడే బస్సెక్కాలంటే వాడికి తల తిరుగుతుంది గనక నేనూ తిరిగాను. సారా గారి మాట గుచ్చుకుని మొదలుపెట్టిన పని గనక వాడు దాన్ని ఉపవాసంలాగా చేశాడు. నాకు మాత్రం మోకాళ్ళు అరిగాయి.

రచయితలంటే ఏమనుకుంటున్నారో మీరు. ఎందుకు రాస్తారండీ అని అడిగితే, ఎక్కడెక్కడ సన్మానం జరిగిందో చెబుతారు. ఎలా రాస్తారండీ అంటే, తోటి రచయిత ఎలా రాయలేడో చెబుతారు. బాపట్లలో వెంకటరాఘవయ్య గారని కవి ఉన్నారు. వెళ్ళిన రోజున శాలువాలన్నీ బీరువాలోంచి తీయించి, మంచం మీద పరిపించి, ఒక్కొక్కటీ ఎవరు కప్పారో చెప్పారు. అందులో రెండిటికి ఇంకా అంగడి చీటీ ఊడలేదు. మధ్యాహ్నం అయింది. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

"కవిత మీకు ఎలా వస్తుందండి?" అని మా వాడు ఏడోసారి అడిగాడు.

"అది ఇక్కడ చెప్పేది కాదు దేవదానం గారూ. పదండి, చూపిస్తాను" అని ఆటోలో సూర్యలంక తీసుకెళ్ళారు. ఆదివారం. గుంటూరు నుంచి వచ్చిన కార్లు, మొక్కజొన్న కంకుల పొగ. ఆయన ఇసకలో నిలబడి సముద్రంవైపు చెయ్యి చాచి, వల గురించి, వల విసిరే చేతి గురించి చెబుతున్నారు. వల మీద నలభై కవితలు రాశారట. ఇంతలో ఒక జాలరి ఆవిడ వచ్చి, "ఏందయ్యా, వల మీద నిలబడ్డారు? పక్కకి జరగండి, తెగుద్ది!" అని అరిచింది. ఆయన చూసుకోకుండానే రెండడుగులు పక్కకి వేసి, ఆపిన చోటి నుంచి మళ్ళీ మొదలుపెట్టారు. ఆవిడ వంక ఒక్కసారి చూస్తే ఒట్టు.

తిరిగి వచ్చేటప్పుడు నేనన్నాను. "నలభై ఒకటోది ఆవిడ చెప్పేసింది. అది రాసుకో."

"అక్కా, నువ్వు ఊరుకో" అన్నాడు మా వాడు. రాసుకున్నాడు మాత్రం. నేను చూశాను.

పన్నెండు మందిలోనూ వాడి మనసంతా ఒక్కరి మీదే. రేపల్లెలో విజయసారథి గారు. లెక్కల మాస్టారుగా రిటైరై పదహారేళ్ళయింది. ఎనిమిది నవలలు రాశారు. ఆయన మూడో నవల రొయ్యలు ఒలిచే షెడ్డుల గురించి. దాన్ని మా వాడు లైబ్రరీ నుంచి తెచ్చి తెచ్చి, చివరికి లైబ్రరీవాళ్ళే 'నువ్వే ఉంచుకోవయ్యా' అనేదాకా తెచ్చాడు. అలాంటాయన దగ్గర రెండుసార్లు కూర్చుంటే ఏం చెప్పారు? 'రచన నాకు తపస్సు' అన్నారు. మొదటిసారి అదే, రెండోసారి అదే. వాళ్ళావిడ, వెంకటరమణమ్మ గారు, గారెలు మాత్రం బాగా పెట్టింది.

మా వాడు దాన్నే అందంగా రాసి, పుస్తకం కంటే ముందు నమూనాగా ఒక నాలుగు పేజీలు వేసి రేపల్లెలో పంచుదామన్నాడు. అలవాటైన ప్రెస్సుకే వెళ్ళాడు. అక్కడ కంప్యూటరు దగ్గర కూర్చునే వినోద్ కుమార్ ఇన్నేళ్ళుగా మా వాడి కాగితాలే చేస్తున్నాడు. వెనక పాదిరిగారు తొందరపెడుతుంటారు గనక మా వాడు ఎప్పుడూ ప్రూఫు చూడడు. ఇచ్చి వచ్చేస్తాడు. వినోద్ ఎప్పటిలాగే పాత ఫైలు తెరిచాడు. కోడిగుడ్డు ఫొటో. నల్ల బోర్డరు. మా వాడు మాత్రం తక్కువ తిన్నాడా? 'శ్రీ విజయసారథి గారు 1948లో జన్మించారు' అని మొదలుపెట్టి, చేతి అలవాటున, ప్రతి చావుకీ రాసే ఆఖరి ముక్క కూడా రాసిచ్చాడు. 'వారి మాటలు ఎప్పటికీ మనతో ఉంటాయి.'

అచ్చయిన కట్ట విప్పకుండానే, రేపల్లె వెళ్ళే ఒకాయన చేతికిచ్చి అక్కడి రీడింగు రూముకి పంపించేశాడు. అక్కడివాళ్ళు ఒకటి నోటీసు బోర్డుకి అంటించి, మిగతావి బల్ల మీద పెట్టారు. సరిగ్గా ఆ పది రోజులూ విజయసారథి గారు, ఆవిడా ఊళ్ళో లేరు. బాపట్లలో కూతురు హరిత ఇంట్లో ఉండి కంటికి శుక్లం ఆపరేషను చేయించుకున్నారు. ఇంటికి తాళం.

ఇక రేపల్లెవాళ్ళకి ఏం కావాలి?

తర్వాత నేను ప్రెస్సుకి వెళ్ళి వినోద్‌ని నిలదీశాను. "ఒరే, చచ్చిపోయాడని నీకెవరు చెప్పార్రా?"

"బతికుంటే మీ దగ్గరికి ఎందుకు వస్తారమ్మా?" అన్నాడు. పైగా, "పేరు చూసి హిందువులని సిలువ తీసేసి దీపం పెట్టానమ్మా. లేకపోతే వాళ్ళ తాలూకు వాళ్ళు బాధపడతారని" అన్నాడు. వాడి మర్యాద తగలెయ్య.

కంటికి నల్లద్దాలతో ఆయన రాత్రి బస్సులో వచ్చి దిగేసరికి గేటుకి తొమ్మిది దండలు. తెల్లారి పాలవాడు రెండు ప్యాకెట్లకు బదులు ఒక్కటే వేసి వెళ్ళాడు. వీధి చివర ఫ్లెక్సీ.

రెండు రోజుల్లో సంగతి మూడు ఊళ్ళూ తిరిగింది. మా ఫోను మోగడం మొదలైంది. మొదట వెంకటరాఘవయ్య గారు. "దేవదానం గారూ, నాది వెయ్యకండి. నేను పోయాక మీ ఇష్టం." తర్వాత తెనాలి ఆయన. ఆ తర్వాత ఇంకొకావిడ. పదకొండు మందీ అదే మాట. పోయాక, పోయాక. మూడేళ్ళ పనిని మా వాడు ట్రంకుపెట్టెలో పెట్టి మూత వేశాడు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. నేను తిట్టాలనుకున్న తిట్లన్నీ అలాగే ఉండిపోయాయి.

మూడో రోజున విజయసారథి గారే ఫోను చేసి రమ్మన్నారు.

రేపల్లె ప్యాసింజరులో వెళ్ళాం. దండలు ఇంకా గేటుకే ఉన్నాయి, వాడిపోయి. లోపల ఆయన కుర్చీలో కూర్చున్నారు. ఎదురుగా గోడకి ఆనించి ఆ ఫ్లెక్సీ. తెప్పించుకున్నారు! మధ్యలో ఆయన ఫొటో, చుట్టూ పద్నాలుగు మంది కుర్రాళ్ళు, సగం మంది చెవి దగ్గర ఫోను పెట్టుకుని.

మా వాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మాస్టారూ, నాదే తప్పండి. క్షమించమని అడగడానికి కూడా..."

"అది వదిలెయ్యండి. దాని మీద ఏముందో పైకి చదవండి."

"మా లెక్కల మాస్టారు విజయసారథి గారికి కన్నీటి నివాళి."

"మళ్ళీ చదవండి."

మళ్ళీ చదివాడు.

"లెక్కల మాస్టారు! ఎనిమిది నవలలండీ. నలభై రెండేళ్ళు. చచ్చిపోయినా నవలా రచయితని కాలేకపోయాను. నన్ను చంపినందుకు కాదు దేవదానం గారూ, ఇది చూపించినందుకు మీ మీద నాకు కోపం."

వెంకటరమణమ్మ గారు కాఫీ తెచ్చి నా పక్కన కూర్చుని, "రాత్రి లేచి కూడా దాన్నే చూస్తున్నారండీ. కంటికి శ్రమ ఇవ్వొద్దని డాక్టరు చెప్పాడు" అని గొణిగింది.

అప్పుడు ఆయన అసలు సంగతి చెప్పారు. "మీ పుస్తకం ఆగిపోయిందని తెలిసింది. నేను చెబితే ఆ పదకొండు మందీ ఒప్పుకుంటారు. నేను చెబుతాను కూడా. ఒక్క ముక్క మాత్రం మీరు రాయాలి. నా మరణవార్త విని నా పాఠకులు తరలివచ్చారని. నవలల గురించి చెప్పుకుని కంటతడి పెట్టారని. అంతే."

మా వాడు నా వైపు చూశాడు. నేను కళ్ళతోనే ఒప్పుకోమన్నాను.

"వచ్చినవాళ్ళని అడిగి వస్తానండి" అన్నాడు వాడు.

గేటు బయటికి రాగానే నేను అందుకున్నాను. "ఏంట్రా అడిగేది? రాసెయ్యి! ఒక్క ముక్క! నలభై ఏడేళ్ళు ఇంతకంటే పెద్దవి రాశావు. పెళ్ళాన్ని కొట్టేవాడికి క్రమశిక్షణ అని రాసినవాడివి, ఈయనకి నలుగురు పాఠకుల్ని రాయలేవా? మూడేళ్ళు నా మోకాళ్ళు పోయాయిరా!"

"అందుకే గదక్కా" అన్నాడు. "సారా అమ్మ మాట మర్చిపోయావా?"

మర్చిపోలేదు. నాకు కోపం వచ్చింది, అంతే. ఎప్పుడూ నిజం రాయమని వాడి ప్రాణం తీసేదాన్ని నేను, ఆ రోజు అబద్ధం రాయమంటున్నాను. వాడు నోటుబుక్కు తీసి నడిచాడు. ఏం చేస్తాను, వెనక నేనూ.

దండ వేసినవాళ్ళని ఒక్కొక్కరినీ పట్టుకున్నాం. మూలమీద టైలరు, "మాస్టారా? నాకు భిన్నాలు నేర్పించింది ఆయనేనండి. ఇప్పటికీ కొలత తప్పను" అన్నాడు. ఫ్లెక్సీ కట్టించిన ఆయన, "మా వార్డులో ఎవరు పోయినా కడతామండి" అన్నాడు. ఎదురింటావిడ, "పాపం, ఎప్పుడూ ఆ కిటికీ దగ్గర కూర్చుని ఏదో రాసుకుంటూ ఉండేవారు. లెక్కలు కాబోలండి" అంది. ఎనిమిది మందిని అడిగాం. నవల పేరు ఒక్కరికీ తెలియదు. ఎండ మండిపోతోంది. మా వాడు ప్రతివాళ్ళ మాటా పొల్లు పోకుండా రాసుకుంటున్నాడు. నాకు ఆ నోటుబుక్కు లాక్కుని కాలవలో పడెయ్యాలనిపించింది.

ఎదురింటావిడే వెనక్కి పిలిచింది. "ఇంకొకాయన కూడా వచ్చాడండోయ్. దండ తేలేదు. గేటు దగ్గర చాలాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. రొయ్యల చెరువుల మోటార్లు బాగుచేస్తాడే, ప్రతాప్."

ప్రతాప్ షెడ్డు రైలు స్టేషను దారిలోనే. యాభై ఏళ్ళ మనిషి. చేతులనిండా నల్ల నూనె. మా వాడు విషయం చెప్పగానే ముఖం గట్టిపడింది.

"నేను ఏడవడానికి పోలేదండి. నిజంగా పోయాడా లేదా చూద్దామని వెళ్ళా."

"ఆయన మీకు ఎలా తెలుసు బాబూ?" అన్నాడు మా వాడు.

"తెలియదు. పుస్తకం తెలుసు. మూడోది. నూట పన్నెండో పేజీ."

మా వాడి చేతిలో పెన్ను ఆగింది. అది వాడికి చూడకుండా వచ్చిన పేజీ. షెడ్డులో రొయ్యలు ఒలిచే ఒకావిడ, పిల్లాడి కోసం గుప్పెడు రొయ్యలు కొంగున దాచుకుంటుంది. మేస్త్రీ వెతకడానికి వస్తుంటే, దొరికిపోకూడదని ఆ పచ్చి రొయ్యల్ని నోట్లో కుక్కుకుని, వాడు చూస్తుండగా మింగేస్తుంది.

"ఆవిడ మా అమ్మండి" అన్నాడు ప్రతాప్. "ఆ గుప్పెడూ నాకు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. పుస్తకం వచ్చాక ఎవరో చెబితే తెచ్చి మా అమ్మకి చదివి వినిపించా. రెండు రోజులు అన్నం తినలేదు. నలుగురికీ తెలిసిపోయిందని కాదు. 'ఆ రోజు షెడ్డులో మేమూ, మేస్త్రీ తప్ప ఎవరున్నార్రా? ఈయనకి ఎలా తెలిసింది?' అని అదే అడిగేది. పోయేదాకా అడిగింది."

పాత గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. నూనె పోలేదు.

"నాకు ఒకటే కావాలండి. ఆయన ఆ రోజు అక్కడున్నాడా? ఉండి, చూస్తూ నిలబడ్డాడా? చచ్చిపోతే ఇక ఎవర్ని అడుగుతాం? అందుకని పరిగెత్తుకుంటూ వెళ్ళా."

మా వాడు నోటుబుక్కులో మొదటి పేజీ తిప్పాడు. ముప్పై ఒకటో ప్రశ్న కింద ఖాళీ ఉంది. అక్కడ ముప్పై రెండు అంకె వేసి రాసుకున్నాడు.

తిరిగి ఆ ఇంటికి వెళ్ళాం. ఆయన ఆత్రంగా ముందుకి వంగారు. "ఏమన్నారు?"

మా వాడు దాచలేదు. భిన్నాలు, వార్డు, కిటికీ దగ్గర లెక్కలు, అన్నీ చదివాడు. ఒక్కొక్కదానికీ ఆయన కుర్చీలోకి కుంచించుకుపోయారు. నాకే జాలేసింది, నాకు జాలి తొందరగా రాదు.

"ఒక్క పాఠకుడు దొరికాడండి. ఏడవడానికి రాలేదు" అని ప్రతాప్ సంగతి చెప్పి, అదే నెమ్మది గొంతుతో, పోయినవాళ్ళ ఇళ్ళలో అడిగినట్టే, ముప్పై రెండోది అడిగాడు. "ఆ రోజు మీరు అక్కడ ఉన్నారాండి?"

ఆయన నల్లద్దాలు తీసేశారు. ఆపరేషను కన్ను ఎర్రగా ఉంది. ఫ్లెక్సీ వంక గానీ మా వంక గానీ చూడలేదు.

"షెడ్డు ఓనరు కొడుక్కి ట్యూషను చెప్పడానికి వెళ్ళేవాడిని" అన్నారు. "ఆ గది కిటికీలోంచి షెడ్డు కనపడేది."

వెంకటరమణమ్మ గారు చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టేసింది.

"ఉన్నాను. చూశాను. మేస్త్రీని ఆగరా అంటే ఆగేవాడు, నేనంటే భయం వాడికి. అనలేదు. ఇంటికొచ్చి రాసుకున్నాను. బాగా వచ్చిందని ఆ రాత్రి సంతోషపడ్డాను కూడా." అద్దాలు మళ్ళీ పెట్టుకుని, "ఇది రాయకండి" అన్నారు.

"రాయనండి. మీరు రాయమన్నది కూడా రాయలేనండి" అన్నాడు మా వాడు.

"అయితే మీ పుస్తకం లేదు."

"లేదండి."

ప్యాసింజరు గంటన్నర లేటు. రేపల్లె స్టేషను బల్ల మీద కూర్చుని వాణ్ణి తిట్టాను. అబద్ధమూ రాయనంటివి, నిజమూ రాయనంటివి, మరి ఆ పెన్ను ఎందుకురా, చెవి గోక్కోడానికా అన్నాను. వాడు పల్లీల పొట్లం విప్పి నా ఒళ్ళో పెట్టాడు. ఎప్పుడూ ఇంతే వీడు. తిట్టినవాళ్ళకి తిండి పెడతాడు.

తొమ్మిది రోజులకి పోస్టులో కవరు వచ్చింది. లోపల అదే కాగితం, మా నల్ల బోర్డరుదే. మా వాడు అందంగా రాసిన తపస్సూ, అదీ, ఇదీ, మొత్తం అడ్డంగా కొట్టేసి ఉంది. వెనక ఖాళీలో, ఒంటికన్నుతో రాసిన వంకర అక్షరాలు, ఒక దాని మీదికి ఒకటి ఎక్కి. కిటికీ, మేస్త్రీ, ఆవిడ గొంతు కదలడం, తను అనని మాట. చివర, 'మీ ముప్పై రెండో ప్రశ్నకు ఇదే నా జవాబు. ఇది వేస్తే వెయ్యండి. మిగతావాళ్ళకి నేను చెప్పను. ముందు ప్రతాప్‌కి చూపించండి. వద్దంటే చింపెయ్యండి.'

మళ్ళీ రేపల్లె. మళ్ళీ ప్యాసింజరు. ప్రతాప్ నిలబడే చదివాడు. రెండుసార్లు చదివాడు. "మా అమ్మ పేరు ప్రమీల, ఆ పేరు పెట్టమనండి, పుస్తకంలో వేరే పేరు పెట్టాడు" అన్నాడు. మోటారు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఒక మంచి మాట లేదు, చెడ్డ మాట లేదు. నాకైతే ఒళ్ళు మండింది, ఇంత తిరిగితే ఆ మాత్రమేనా అని.

ఈసారి ప్రెస్సుకి నేనే వెళ్ళాను. వినోద్ కుమార్ పక్కన స్టూలు వేయించుకుని, అచ్చు అయ్యేదాకా లేవలేదు.

"ఆయన మళ్ళీ పోయారామ్మా?" అన్నాడు.

"నోరు ముయ్యి. బోర్డరు తీసెయ్యి."

తీశాడు.

"దీపం?"

"అదీ తీసెయ్యి."

"మరి సిలువ పెట్టనా?"

"ఏమీ పెట్టకు. గుండ్రంగా కాకుండా ఫొటో నలుచదరంగా పెట్టు. బతికున్న మనిషి, ఆధార్ కార్డు మీద ఎలా ఉంటాడో అలా."

నాలుగు పేజీలు, రెండు వందలు వేయించాం. మూడేళ్ళ తిరుగుడుకీ అచ్చయింది ఆ నాలుగే. ఒకటి కాకుమాను సారా గారికి పోస్టు చేశాడు మా వాడు. జవాబు రాలేదు. ఆవిడకి చదవడం వచ్చో రాదో కూడా వాడికి తెలియదు.

మిగతా పదకొండు మంది మాటలూ ట్రంకుపెట్టెలోనే ఉన్నాయి. నెలకోసారి నేను ఫోను చేస్తూనే ఉన్నాను. వెంకటరాఘవయ్య గారు ఇందాక కూడా అదే అన్నారు. "నేను పోయాక వేసుకోమనండమ్మా."

"మా తమ్ముడికి డెబ్బై నాలుగండి. బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. మీరు కాస్త తొందరపడితే మంచిది" అన్నాను.

ఫోను పెట్టేశారు. అరుగు మీద నుంచి మా వాడు, "ఎవరక్కా?" అని అరిచాడు. ఉప్మా తినకుండా వదిలేసినవాడికి నేనెందుకు చెప్పాలి? చెప్పలేదు.